మంచు విడిచే అదును

మొదటే ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను అంటార్కిటికా చూసినవాణ్ణి కాను. ఇంటర్మీడియట్ పూర్తయ్యేదాకా సముద్రమే చూడలేదు. మాది అనంతపురం జిల్లాలో వానను నమ్ముకున్న మెట్ట పల్లె. మంచు అంటే మాకు తెల్లవారుజామున చేలమీద కురిసేదే గాని కాలు పెట్టి నడిచేది కాదు. అటువంటివాడు దక్షిణ ధ్రువ ప్రాంతపు ఓడ ప్రయాణం మీద పాఠం చెప్పడమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, కాని చివరిదాకా చదవండి.

దీనికంతటికీ మూలం మా హాస్టల్లో జరిగిన ఒక వాదన. నా గది మిత్రుడు ఎక్కడో అంటార్కిటికా విహారనౌకల ప్రకటన చూశాడు. నవంబరులో బయలుదేరే తొలి ఓడలకు టికెట్టు తక్కువ, జనవరి ఫిబ్రవరి ఓడలకు ఎక్కువ. (మా ఇద్దరి ఇళ్ళూ అమ్మినా ఆ తక్కువ టికెట్టు కూడా రాదనుకోండి, అది వేరే విషయం.) వాడు ఫిజిక్సు వాడు గనుక ఊరుకోక లెక్క కట్టాడు. "అక్కడ డిసెంబరు 21 ప్రాంతంలో సూర్యుడు అన్నిటికంటె ఎత్తున ఉంటాడు. దానికి ఆరు వారాలు ముందు నవంబరు 10, ఆరు వారాలు వెనక ఫిబ్రవరి 1. ఆ రెండు రోజులూ ఎండ ఒకటే, పగటి పొడవూ ఒకటే. మరి ఒకటి చవక, ఒకటి ప్రియం ఎందుకైందిరా?" అని నన్నడిగాడు.

నేను ఠక్కున "అదును" అన్నాను. వాడు టౌనులో పుట్టినవాడు. "అదునును ఏ యూనిట్లలో కొలుస్తారు?" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ వెక్కిరింతకు జవాబు వెతుక్కుంటూ లైబ్రరీలో గడిపిన కొన్ని ఆదివారాల ఫలితమే ఈ వ్యాసం.

ముందుగా దారి తెలుసుకుందాం. దక్షిణ అమెరికా కొసన, అర్జెంటీనా దేశంలో, సుమారు 55 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉషువాయా అనే రేవుపట్నం ఉన్నది. ఈ యాత్రా నౌకల్లో చాలా భాగం అక్కడినుంచే బయలుదేరతాయి. బీగిల్ కాలువ దాటగానే డ్రేక్ జలసంధి. కేప్ హార్న్ నుంచి ఎదుటి దక్షిణ షెట్లాండ్ దీవులకు సుమారు 800 కిలోమీటర్లు. ఆ అక్షాంశాల్లో పడమటి గాలికి భూగోళం చుట్టూ ఎక్కడా నేల అడ్డు తగలదు. అడ్డులేని గాలి ఎంత అల లేపుతుందో ఊహించుకోవచ్చు. రెండు రోజుల ప్రయాణం. మధ్యలో ఒకచోట నీటి ఉష్ణోగ్రత కొద్ది దూరంలోనే కొన్ని డిగ్రీలు దిగిపోతుంది. ఉత్తరపు వెచ్చని నీరూ దక్షిణపు చల్లని నీరూ కలిసే ఆ చోటును అంటార్కిటిక్ సంగమరేఖ అంటారు. పటంలో గీత ఏమీ ఉండదు, థర్మామీటరుకు మాత్రం తెలుస్తుంది. అది దాటాక దక్షిణ షెట్లాండ్ దీవులు, ఆ తర్వాత అంటార్కిటికా ఖండంనుంచి ఉత్తరానికి చాచిన చెయ్యిలాంటి ద్వీపకల్పం.

ఈ దారిన యాత్రికులను బృందంగా 1966లో లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ అనే ఆయన తీసుకుపోయాడు. 1969లో ఇందుకోసమనే ప్రత్యేకంగా ఒక చిన్న ఎర్ర ఓడను కట్టించాడు. దానిపేరు లిండ్‌బ్లాడ్ ఎక్స్‌ప్లోరర్. ఆ ఓడను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక అసలు పాఠం. మంచినీరు 4 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అత్యధిక సాంద్రత పొందుతుందని హైస్కూల్లోనే చదివాం. అందుచేత చెరువు పైపొర 4 డిగ్రీలకంటె చల్లబడితే తేలికై పైనే నిలుస్తుంది, త్వరగా గడ్డకడుతుంది. సముద్రం అలా కాదు. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ నీరు గడ్డకట్టే స్థానం సుమారు మైనస్ 1.8 డిగ్రీలు, అక్కడికి చేరేదాకా దాని సాంద్రత పెరుగుతూనే ఉంటుంది. చల్లబడిన నీరు బరువెక్కి కిందికి పోతుంది, కిందిది పైకొస్తుంది, అదీ చల్లబడాలి. పైపొర ఒక్కటే చల్లబడితే సరిపోదు, చాలా లోతువరకు నీరంతా చల్లబడాలి. కనుకనే అక్కడ జూన్ నెలలో చీకటి గాఢంగా ఉన్నా, సముద్రపు మంచు అత్యధిక విస్తీర్ణానికి చేరేది సెప్టెంబరులో.

ఆ విస్తీర్ణమెంత? సుమారు 180 లక్షల చదరపు కిలోమీటర్లు. మన భారతదేశం దాదాపు 33 లక్షలు. అంటే అయిదు భారతదేశాలకు పైగా. ఫిబ్రవరి చివరకు అది కరిగి 30 లక్షలకు, ఇంచుమించు ఒక్క భారతదేశానికి, దిగుతుంది. ఏటా ఇంత తెల్లనేల పుట్టి, ఇంత తెల్లనేల పోతుంది. లైబ్రరీలో ఈ అంకెలు చదివి కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

కరగడం ఎందుకు ఆలస్యం? ఇది గుప్తోష్ణం పాఠం. సున్నా డిగ్రీల దగ్గర ఒక గ్రాము మంచును నీరు చెయ్యడానికి 80 కెలోరీలు కావాలి. అదే 80 కెలోరీలతో ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీలదాకా కాచవచ్చు. అంటే ఆ వేడి అంతా ఖర్చయినా థర్మామీటరు ఒక్క గీతకూడా ఎక్కదు. ఇది చాలక ఇంకొక చిక్కు. కొత్త మంచు తనమీద పడిన ఎండలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా తిప్పికొడుతుంది. నల్లని సముద్రపు నీరు పదోవంతు కూడా తిప్పికొట్టదు, మిగతాదంతా మింగుతుంది. ఎండలో తెల్ల పంచె కప్పుకున్నవాడికీ నల్ల గొంగడి కప్పుకున్నవాడికీ ఉన్న తేడాయే ఇది. నవంబరు 10న సముద్రం ఇంకా తెల్ల పంచెలోనే ఉంటుంది. ఒకసారి అక్కడక్కడా నీళ్ళు బయటపడ్డాయంటే మాత్రం ఆ నల్లని నీరే వేడి మింగి పక్క మంచును తినడం మొదలుపెడుతుంది, పైగా గాలులు విరిచి చెదరగొడతాయి. ఏడు నెలలు పెరిగిన మంచు అయిదు నెలల్లో పోవడానికి, అందులోనూ నవంబరు డిసెంబరుల్లో మరీ వేగంగా పోవడానికి, కారణం ఇది.

ఈ లెక్కంతా మా మిత్రుడికి చూపించి, "నీ యూనిట్లు దొరికాయి, గ్రాముకు 80 కెలోరీలు" అన్నాను. వాడు ఒప్పుకున్నాడు. టీ డబ్బులు కూడా వాడే ఇచ్చాడు.

అయితే పుస్తకంలో కెలోరీలు వేరు, ఓడ ముందు నిలిచిన మంచు వేరు. తొలి ఓడల కష్టం తెలియాలంటే రెండు నవంబరుల కథ చాలు.

మొదటిది 2007. ఇందాక చెప్పిన ఎర్ర ఓడ అప్పటికి ముప్పయి ఎనిమిదేళ్ళది, పేరు ఎక్స్‌ప్లోరర్ అని మిగిలింది. నవంబరు 23 తెల్లవారక ముందు దక్షిణ షెట్లాండ్ దీవుల దగ్గర బ్రాన్స్‌ఫీల్డ్ జలసంధిలో మంచును ఢీకొన్నది. నీరు లోపలికి వచ్చింది. యాత్రికులూ సిబ్బందీ కలిసి 154 మంది ప్రాణరక్షక పడవల్లోకి దిగి, గడ్డకట్టే చలిలో గంటల తరబడి కూర్చున్నారు. అదృష్టవశాత్తూ సముద్రం నెమ్మదిగా ఉన్నది. నార్వే ఓడ నూర్డ్‌నోర్గ్ వచ్చి అందరినీ ఎక్కించుకున్నది. ఒక్క ప్రాణం పోలేదు. ఎక్స్‌ప్లోరర్ మాత్రం ఆ రోజే మునిగిపోయింది. ఓడ లైబీరియా జెండాతో నడిచేది గనుక ఆ దేశం విచారణ జరిపి, ఎదుట ఉన్న మంచు ఏ రకమో కెప్టెన్ సరిగా పోల్చుకోలేదని తేల్చింది. మంచంతా ఒకటి కాదు. ఆ ఏడు పుట్టిన సముద్రపు మంచు ఉప్పుతో కూడి కొంత మెత్తగా ఉంటుంది. హిమనదంనుంచి విరిగి వచ్చిన ముక్క శతాబ్దాల ఒత్తిడికి గట్టిపడి రాయిలా ఉంటుంది. రెండూ కలగలిసి తేలుతుంటే రాత్రిపూట పోల్చడం తేలిక కాదు. మా పొలంలో రేగడి మధ్య దాగిన గుండుకు నాగలి కర్రు విరిగినప్పుడు నాయన గుండును తిట్టలేదు, తన్నే తిట్టుకున్నాడు. ఎందుకో ఆ విచారణ చదువుతుంటే అది గుర్తొచ్చింది.

రెండోది 2009. కపితాన్ ఖ్లెబ్నికొవ్ అనేది మామూలు ఓడ కాదు, మంచును చీల్చుకుపోవడానికే కట్టిన రష్యా ఓడ. చక్రవర్తి పెంగ్విన్లను చూపించడానికి వెడెల్ సముద్రంలో స్నో హిల్ దీవి వైపు యాత్రికులతో పోయింది. నవంబరులో గాలి తిరిగి మంచు పలకలను ఒకదానిపై ఒకటి తోసి బిగించేసింది. అంత బలమైన ఓడ కూడా ఇంజన్లున్నా కదలలేక, గాలి మళ్ళీ తిరిగేదాకా రోజుల తరబడి ఆగింది. మంచు మందం ఎంత అన్నది ఒక్కటే లెక్క కాదు, గాలి దాన్ని ఎటు నెడుతున్నదన్నదీ లెక్కే. ఇదే సముద్రంలో షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్ 1915 జనవరిలో చిక్కుకొని, మంచు కదలికకు నలిగి, ఆ ఏడు నవంబరు 21న మునిగింది. 2022 మార్చిలో 3008 మీటర్ల లోతున దాన్ని కనుగొన్నారు.

మన దేశపు మొదటి అంటార్కిటికా యాత్ర కూడా ఈ లెక్క ప్రకారమే నడిచింది. డాక్టర్ ఎస్. జెడ్. ఖాసిం నాయకత్వాన 21 మంది, పోలార్ సర్కిల్ అనే నార్వే ఓడలో 1981 డిసెంబరు 6న గోవాలో బయలుదేరి 1982 జనవరి 9న అక్కడ దిగారు. మంచు దారి ఇచ్చే కాలం చూసుకునే పోయారు. పని చేసుకు రావలసినవారికి అదే సరైన కాలం.

మరి ఇంత చిక్కు ఉన్నప్పుడు నవంబరులోనే పోవాలని కోరుకునేవారు ఎందుకుంటారు? చవక ఒక్కటే కారణం కాదు. ఆ తొలి వారాల్లో కనిపించేది తర్వాత కనిపించదు.

తీరమంతా మాయని మంచు. జనవరి వచ్చేసరికి పెంగ్విన్ల రెట్టతో, బురదతో, మంచుమీద పెరిగే సూక్ష్మమైన నాచుతో అది ఎరుపు, పచ్చ మరకలు పడిపోతుంది. నవంబరులో జెంటూ, అడేలీ పెంగ్విన్లు సముద్రంనుంచి వచ్చి జతకట్టి గూళ్ళు కడుతుంటాయి. గూడు అంటే గడ్డీగాదమూ కాదు, గులకరాళ్ళ కుప్ప. ఆ రాళ్ళకోసం దొంగతనాలు! పక్కవాడు అటు తిరగగానే ఒక రాయి ముక్కున కరుచుకొని పారిపోవడం, వాడు వచ్చి దీనిది ఎత్తుకుపోవడం. గట్టు జరుపుకునే దాయాదులను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. కాని ఆ రాళ్ళు సరదాకు కాదు. మంచు కరిగిన నీళ్ళు గూటిలో నిలిస్తే గుడ్డు చల్లబడి చస్తుంది. రాళ్ళ ఎత్తు గుడ్లను తడినుంచి తప్పిస్తుంది. మనం మెరక చూసి వామి వేసుకోమా, అదే ఇది. అడేలీ రెండు గుడ్లు పెట్టి ఆలుమగలు వంతులవారీగా సుమారు 35 రోజులు పొదుగుతాయి. అదే కాలంలో ఒడ్డునంటిన మంచు పలకలమీద వెడెల్ సీళ్ళు పిల్లలకు పాలిస్తుంటాయి.

తొలి యాత్రికుడు పోగొట్టుకునేదీ ఉంది. పెంగ్విన్ పిల్లలు కావాలంటే డిసెంబరు చివర, జనవరి. తిమింగలాలు ఎక్కువగా కావాలంటే ఫిబ్రవరి, మార్చి. పదకొండు కిలోమీటర్ల సన్నని లెమేర్ కాలువ చాలా అందమైనదంటారు గాని, నవంబరులో మంచు మూసేసి ఓడ వెనక్కు తిరగవలసిరావడం మామూలే. పోర్ట్ లాక్‌రాయ్ అని 1944లో బ్రిటిషువారు కట్టిన చిన్న స్థావరం ఉంది, ఇప్పుడు మ్యూజియం, పోస్టాఫీసూను. 2022లో సీజను మొదట అక్కడికి చేరిన సిబ్బందికి ఇళ్ళు మంచుకింద పూడిపోయి కనిపించాయి. బ్రిటిష్ నౌకాదళ ఓడ ప్రొటెక్టర్ వాళ్ళు పారలు పట్టి తవ్వితే గాని తలుపులు బయటపడలేదు.

దిగినవాళ్ళు నడవడానికీ నియమాలున్నాయి. ఒడ్డున ఒకేసారి వందమందికి మించి ఉండరాదు. అయిదు వందలకు మించి యాత్రికులున్న ఓడ ఎవరినీ దించనే రాదు. పెంగ్విన్‌కు అయిదు మీటర్ల ఎడం పాటించాలి. అవి మంచులో నడిచి నడిచి చేసుకున్న కాలిబాటలను మనిషి తొక్కరాదు. నాకు అన్నిటికంటె నచ్చినది ఒకటుంది. తొలి వారాల్లో మంచు లోతు గనుక మనిషి బూటు మోకాటిదాకా దిగబడుతుంది. ఆ గుంటలో పెంగ్విన్ పడితే పైకి రాలేదు. అందుచేత ఎవరి గుంట వాళ్ళే పూడ్చి ముందుకు పోవాలి. మా ఊళ్ళో పాడుబడ్డ బావులున్నవాళ్ళకు ఈ నియమం ఎవరైనా చెబితే బాగుండును.

2023 అక్టోబరులో పక్షులకు వచ్చే ఇన్‌ఫ్లుయెంజా దక్షిణ జార్జియా దగ్గర, 2024 ఫిబ్రవరిలో ద్వీపకల్పంలో కూడా బయటపడింది. అప్పటినుంచి నేలమీద కూర్చోవడం, సంచి దించడం కూడా కూడదు. ఇన్ని జాగ్రత్తలున్నా నాకు సందేహం తీరలేదు. 2023-24 సీజనులో అక్కడికి వెళ్ళిన యాత్రికులు లక్ష దాటారు. అందరూ గుంటలు పూడ్చారే అనుకుందాం. వాళ్ళ విమానాలూ ఓడలూ కాల్చిన ఇంధనం సంగతి?

ఆ ప్రశ్న నన్ను ఈ వ్యాసం వ్రాయించిన రెండో విషయానికి తీసుకువచ్చింది. అది చెప్పేముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నేను పదో తరగతిలో చేరిన ఏడు జూన్ మొదట్లోనే మంచి వాన పడింది. పదును చూసి ఊరంతా గొర్రు కట్టారు. నాయన కూడా శెనక్కాయ విత్తాడు. మొలక చూడముచ్చటగా వచ్చింది. తర్వాత నెల పైచిలుకు చినుకు లేదు. మొలకంతా మాడిపోయింది. మళ్ళీ విత్తనకాయలకు అప్పు చేశాడు. అక్క ఆ ఏడు డిగ్రీలో చేరవలసింది, చేరలేదు. విత్తిన రోజు తప్పా అంటే కాదు. అది మా తాత విత్తిన కార్తెలోనే. కార్తె నిలబడింది గాని వాన మాట తప్పింది.

చక్రవర్తి పెంగ్విన్ రైతుకంటె ఎక్కువగా ఒక్క నేలనే నమ్ముకున్న ప్రాణి. ఒడ్డునంటి కదలకుండా ఉన్న సముద్రపు మంచుమీదే సంసారం. మే, జూన్ నెలల్లో, కటిక చలికాలంలో, ఒకే గుడ్డు. మగది దాన్ని కాళ్ళమీద పెట్టుకొని రెండు నెలలకు పైగా తిండిలేకుండా నిలబడి పొదుగుతుంది. పిల్ల నీటికి తట్టుకునే ఈకలు తొడిగేది డిసెంబరు, జనవరి నాటికి. అందాకా కిందినేల నిలవాలి. 2022 చివర బెలింగ్స్‌హాసెన్ సముద్రంలో అది నిలవలేదు. ఉపగ్రహ చిత్రాల్లో రెట్ట మరకలను బట్టి ఆ పక్షుల కాలనీలను కనిపెట్టే బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే వారు 2023 ఆగస్టులో ప్రకటించినదేమంటే, అక్కడి అయిదు కాలనీల్లో నాలుగింటి కింద మంచు పిల్లలు ఎదగకముందే విరిగిపోయింది. ఆ నాలుగింటిలో ఆ ఏడు ఒక్క పిల్ల కూడా బతికినట్లు లేదు. 2023 ఫిబ్రవరిలో ఖండం చుట్టూ మంచు 18 లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గింది. ఆ సెప్టెంబరులో అత్యధిక విస్తీర్ణం కూడా 170 లక్షలు దాటలేదు. 1979నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్న కాలంలో చలికాలపు మంచు ఇంత తక్కువైంది లేదు.

ద్వీపకల్పం పడమటి తీరాన ఇంకొక వింత. అక్కడ గాలి వేడెక్కింది, కాని గూళ్ళమీద మంచు కురియడం ఎక్కువైంది. వెచ్చని గాలి ఎక్కువ తేమ మోస్తుంది గనుక ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. ఆ మంచు కరిగి అడేలీ గూళ్ళలో నీళ్ళు నిలుస్తాయి. అడేలీ తన తేదీ పెద్దగా మార్చుకోదు, గుడ్డు పోతే ఆ ఏడు అంతే. జెంటూ అలా కాదు, మొదటి గుడ్లు పోతే మళ్ళీ పెట్టగలదు. రెండో విత్తుకు గింజలు దాచుకున్న రైతు అన్నమాట. ఆ తీరాన అడేలీలు తగ్గి జెంటూలు పెరుగుతున్నాయి.

ఇవన్నీ చదివాక మా మిత్రుడి ప్రశ్న నాకు వేరే విధంగా వినిపించింది. నవంబరు, ఫిబ్రవరి ఒకటి కాదని గుప్తోష్ణం చెప్పింది. కాని నిరుటి నవంబరు, ఈ ఏటి నవంబరు కూడా ఒకటని నమ్మడానికి లేదు. తొలి ఓడ కెప్టెనుకు పంచాంగం చాలదు. రోజూ ఉపగ్రహ పటం చూసుకొని దారి నిర్ణయించుకోవాలి. నాకెప్పుడైనా పోయే యోగం ఉంటే, సందేహాలన్నీ నాతోనే పెట్టుకొని, తొలి ఓడలోనే పోతాను. కోతలనాడు చేను చూడడానికి అందరూ వస్తారు. విత్తేనాడు చూసినవాడికే ఆ చేను సంగతి తెలుస్తుంది.

సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఈ కథంతా నాయనకు చెప్పాను. పెంగ్విన్ బొమ్మ ఫోనులో చూపించాను. కెలోరీలు ఆయనకు పట్టలేదు. మంచు విరిగి పిల్లలు నీళ్ళపాలైన దగ్గర మాత్రం బీడీ ఆర్పి విన్నాడు.

"ఆ పైయేడు యాడ పెట్టినాయిరా గుడ్లు?" అనడిగాడు.

హాలీ బే సంగతి చెప్పాను. అక్కడ 2016లో మంచు విరిగింది, ఆ తర్వాత రెండేళ్ళూ పిల్లలు దాదాపు లేవు. 55 కిలోమీటర్ల దూరాన డాసన్ లాంబ్టన్ అనే చోట ఉన్న కాలనీ మాత్రం ఆ కాలంలోనే పది రెట్లకు పైగా పెరిగింది.

"అయితే పక్కూరికి పోయినాయన్నమాట" అని, కాసేపు ఆగి, ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి లేచాడు.